పెదనాన్న కారు, వెలగని ఎర్రలైటు

ఈమధ్య తెనాలిలో మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఏళ్ల తరబడి షెడ్డులో తుప్పుపట్టిన తండ్రిగారి నల్లకారును బాగుచేయించి, చూడ్డానికి రమ్మని బంధువులందరినీ పిలిస్తే, వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. ఆ కారంటే నాకు పడదు, దాని యజమాని అంటే అసలే పడదు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు గానీ ఆయన విషయంలో నాకా మొహమాటం లేదు.

మీకూ గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో కోతలవగానే రేపల్లె దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉండేవి, వాటి మీదికి చక్రం ఎక్కితే రైతు ఊరుకునేవాడు కాదు కాబట్టి ఎంతటి కారైనా అక్కడ తగ్గాల్సిందే. రేపల్లెలో పెళ్లి చూసుకుని వస్తూ, ముందు కారులో పెదనాన్న, వెనక స్కూటరు మీద అమ్మానాన్నలు, జంపని దగ్గరికి వచ్చేసరికి వడ్లు చూసి పెదనాన్న గబుక్కున బ్రేకు తొక్కాడు, నాన్న వెళ్లి కారుకు గుద్దుకున్నాడు. అమ్మ కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదు.

అప్పటినుంచి ఏ శుభకార్యంలోనైనా నలుగురూ భోజనాలకు కూర్చున్నాక, బ్రేకు తొక్కగానే కారు వెనక ఎర్రలైటు అంత ఎర్రగా వెలిగినా వీడికి కనబడలేదని పెదనాన్న మొదలుపెట్టేవాడు. నాన్న కలిపిన ముద్ద వదిలేసి లేచేవాడు. లైటు చూసిన గుర్తు లేదు కాబట్టి తప్పు తనదేనని ఆయనకు ఆయనే తీర్పు చెప్పుకున్నాడు.

మొన్న అన్నయ్య బానెట్ ఎత్తి, బ్రేకు ఆయిలు వెళ్లే గొట్టానికి బిగించిన కొత్త స్విచ్ చూపించాడు. బ్రేకు తొక్కితే ఆయిలు ఒత్తిడికి అదే వెనక లైటు వెలిగిస్తుందట.

“ఇది ఇన్నాళ్లూ లేదు చెల్లాయ్. ఆయిలు కారుతోందని కొన్న ఏడాదే పీకించేసి, ఆ కంతకి బోల్టు బిగించేశారు.”

“లైటు వెలగదని పెదనాన్నకి తెలుసా?”

“తెలీకపోవడమేంటి, దగ్గరుండి తీయించింది మా నాన్నే. వెనకొచ్చేవాడి కోసం మనకెందుకీ తిప్పలనేవాడు,” అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. భోజనం చేసి వెళ్లమన్నా ఉండలేదు. ఇప్పటి కార్లు బ్రేకు ఆయిలు తగ్గినా, తలుపు సరిగ్గా పడకపోయినా గోలపెట్టి మరీ చెబుతున్నాయి, మంచిదే. అప్పట్లో చెప్పాల్సిన మనిషి అన్నీ తెలిసీ చెప్పలేదు, పైగా నాన్ననే దోషిని చేసి కూర్చున్నాడు.

అమ్మ పోయేముందు నాన్నను దగ్గరికి పిలిచి, “పోనీలెండి, నేనేం మనసులో పెట్టుకోలేదు,” అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన మిగిలిన నాళ్లు బతికాడు. అసలు ఆయన తప్పేమీ లేదని నాకు ఇప్పుడు తెలిసింది, చెబుదామంటే ఇద్దరూ లేరు.