కళ్లద్దాలు తుడిచేంత సేపు

జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపించే రన్‌టైమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే ఆ ఆఫీసులో ఆయన పని, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు రాయడం, రోజూ ఉదయం వాటన్నిటినీ నడిపి చూడడం. అందరికీ ఆయన బాబాయే. నాలుగు వేల పరీక్షలు వరసగా పాసై పచ్చబడుతుంటే తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎక్కడైనా ఒకటి ఫెయిలై ఎర్రబడితే ‘మళ్లీ నడుపు’ అన్న మీట నొక్కి, కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడుస్తాడు. తిరిగి పెట్టుకునేసరికి చాలాసార్లు అది పచ్చగా ఉంటుంది. “జలుబు చేసినట్టుంది, ఓ తుమ్ము తుమ్మి ఊరుకుంది” అంటాడు.

ఆ సోమవారం ఒక ప్రయోగశాల నుంచి ఫిర్యాదు వచ్చింది. ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఫైల్లో చివరి వరసలు పడడం లేదట; వారం రోజుల కొలతలు పోయాయట. ఆ భాగం రాసిన అమ్మాయిని మేనేజరు అందరి ముందూ కడిగేశాడు. ఆమె నేరుగా బాబాయి దగ్గరికే వచ్చింది.

“మీ పరీక్షకే దొరకలేదంటే నేనెంత దరిద్రంగా రాశానో చూడండి బాబాయ్. నా వల్ల మీకూ మాటొచ్చింది.”

“అలా అనకమ్మా” అన్నాడు. పోయిన నెలలో ఆ భాగాన్ని చూసే పరీక్ష మూడుసార్లు ఎర్రబడింది. మూడుసార్లూ ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆమె వెళ్లాక ఆ ఒక్క పరీక్షనే మళ్లీ మళ్లీ నడుపుతూ కూర్చున్నాడు. పదిహేడోసారి ఎర్రబడింది. చెయ్యి అలవాటుగా కళ్లద్దాల దాకా వెళ్లింది. దాన్ని దించి, గదంతా వినపడేలా పిలిచాడు.

“అమ్మాయ్, మేనేజరు గారిని కూడా తీసుకుని ఇటు రా. ఇది నాకు నెల కిందటే కనబడింది.”