నా తప్పుల నోట్‌బుక్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సర్వర్ రూంలో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. ఆయన సీనియర్, గుంటూరు వైపు మనిషి. నాది నల్లగొండ. తెలంగాణ ఉద్యమం రోజులు. వేసవి దాటాక ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతామని మేనేజర్ ముందే చెప్పేశాడు. ఇక నాకు అన్నం సయిస్తుందా?

విద్యార్థుల ఖాతాలు తెరవడానికి, పాతవి తీసెయ్యడానికి ఆయనే ఒక ప్రోగ్రాం రాశాడు. నల్లటి తెర మీద కమాండ్ టైపు చెయ్యాలి. ఒక్క అక్షరం తప్పినా, చెల్లదు అని ఇంగ్లిష్‌లో ఒకే ముక్క వచ్చేది. ఎక్కడ తప్పో, ఎలా దిద్దుకోవాలో చెప్పేది కాదు. ప్రతిసారీ లేచి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడాలి. ఆయన తప్పు చూపించి, ఆ తర్వాత నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని డ్రాయర్‌లో పెట్టి తాళం వేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. పాస్‌వర్డులు కూడా అందులోనే ఉన్నాయనేవాడు. నేను నమ్మితేగా! అది నా తప్పుల చిట్టా, మేనేజర్‌కు చూపించడానికే.

కొత్తపేటలో నా రూమ్మేటుకు చెబితే, "గాయన నీ కొలువుకే ఎసరు పెడుతుండు, జర పైలం" అన్నాడు. ఆ రోజుల్లో అలాంటి మాటకు సాక్ష్యం ఎవరడిగారు? మర్నాడే మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆయన కావాలనే నాకు పని నేర్పట్లేదని, అంతా తన గుప్పిట్లో పెట్టుకున్నాడని చెప్పాను. మేనేజర్‌దీ మా జిల్లానే.

బంద్‌కని రెండు రోజులు సెంటర్ మూశారు. ముందు సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు ఆయన ఇంకా తెర ముందే కూర్చుని ఉన్నాడు. తెరిచేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఫోన్‌లోనే రావద్దని చెప్పేశారట. అబద్ధమెందుకు, సంతోషపడ్డాను.

ఆ పూటే పాత బ్యాచ్ ఖాతాలు తీసెయ్యబోయి, అలవాటుగా తేదీ తిరగేసి కొట్టాను. ఈసారి తెర మీద రెండు వరుసలు వచ్చాయి. సంవత్సరం ముందు రాయాలి, ఉదాహరణ ఇదిగో. తీసేముందు జాబితా ఒకసారి చూసుకోండి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది కదా, ఇందులోనూ ఏదో మోసం ఉందనుకున్నాను. కావాలనే మరో తప్పు కొట్టాను. దానికీ జవాబుంది. ఇంకోదానికీ ఉంది. అన్నీ రోజూ నేను చేసే తప్పులే, ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నవే. బంద్‌కు ముందు సాయంత్రం ఆయన ఆలస్యంగా ఎందుకు కూర్చున్నాడో అప్పుడు తెలిసింది.

ఎల్బీనగర్‌లో ఆయన ఇంటికి వెళ్ళాను. ఊరికి తిరిగి వెళ్ళిపోవడానికి ట్రాలీ ఆటోలో సామాను ఎక్కిస్తున్నాడు. క్షమాపణ అడుగుదామనే వెళ్ళాను. తెర మీద వచ్చే హింట్లు బాగా పనిచేస్తున్నాయని మాత్రం అన్నాను.

"అర్థమవుతున్నాయా? మేనేజరు మిమ్మల్నే తీసేస్తానన్నాడండీ. అడక్కుండా పని చేసుకోగలరని చూపిస్తే ఉంచుతాడేమోనని రాశాను" అన్నాడు.

బీరువా ఎత్తడానికి ఒక పక్క పట్టుకున్నాను. మేనేజర్‌కు నేనేం చెప్పానో ఆయనకు చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు.