చేదు విడిచిన దుంప

హార్లింగెన్‌లో పడవలు బాగుచేసే వాళ్లింటి పిల్ల హిస్కె. సీబ్రెన్‌ని చేసుకుని మా పక్క పొలానికి వచ్చేనాటికి ఆమెకి వ్యవసాయం తెలీదు. కొత్త బంగాళాదుంప రకాలు పుట్టించాలని నెదర్లాండ్స్‌లోని మా ఫ్రీస్‌లాండ్ రైతులకుండే పిచ్చి సీబ్రెన్‌కి ఇంకాస్త ఎక్కువ. ఆకులు నల్లగా మాడ్చే తెగులుకి తట్టుకునే అడవి దుంపని తెచ్చి మన దుంపతో సంకరం చేశాడు.

తెగులుకి నిలిచిన మొక్కలన్నీ చేదు. చేదు లేని దుంపల మొక్క ఒక్కటీ నిలవలేదు. ఏటా శరదృతువులో నిలిచినవాటిని ఉప్పు లేకుండా ఉడికించి, ముక్క కొరికి, ఉమ్మేసి, పలక మీద రాసేది హిస్కె. ఆ రోజుల్లో ఆమెకి చక్కెర వేసిన కాఫీ కూడా చేదే.

పరిశోధన కేంద్రం నుంచి వచ్చినాయన విషయం చెప్పాడు. ఆ రెండు గుణాలూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్నాయట, అందుకే కలిసే వస్తాయి. పుప్పొడీ అండమూ తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. ఆ తెగడం సరిగ్గా రెండిటి మధ్య పడితేనే విడిపోతాయి. వేల మొక్కల్లో ఒకటి దొరకొచ్చు.

"అంటే నేనింకా వేల చేదు ముక్కలు నమలాలన్నమాట," అంది హిస్కె.

పదకొండేళ్లు నమిలింది. పన్నెండో ఏడు ఇక నావల్ల కాదంది. సీబ్రెన్ తనే రుచి చూసి అన్నిటికీ చేదని రాసి, మొక్కకో సంచిలో కట్టి, పారేయడానికి కొట్టంలో పెట్టాడు. పొగచుట్టలు కాల్చి కాల్చి అతని నాలుక ఎప్పుడో మొద్దుబారి, ఏం తిన్నా చేదే తగిలేది.

ఒక మధ్యాహ్నం హిస్కె పొరపాటున ఆ సంచుల్లో ఒకటి తీసి వండింది. రెండు ముద్దలు తిని ఆగింది.

"ఇవెక్కడివి?"

సీబ్రెన్ లేచి వెళ్లి సంచి మీద నంబరు చూసొచ్చాడు. "చేదువి," అన్నాడు నెమ్మదిగా.

"నీ మొహం. తిను."

మిగిలిన దుంపల్ని మరుసటేడు నాటారు. జూలైలో తెగులొచ్చి చుట్టూ పొలమంతా మాడినా ఆ వరస పచ్చగానే నిలిచింది. హిస్కె గట్టు మీద కూర్చుని ఏడ్చింది. సంతోషమా అనడిగితే, అలసట అంది నాతో.

దుంప మీది మొలక కళ్లు లోతుగా ఉన్నాయని, చెక్కు తీస్తే సగం పోతుందని విత్తన కంపెనీ దాన్ని తీసుకోలేదు. తర్వాత సీబ్రెన్ దాన్నే నున్నటి రకంతో సంకరం చేశాడు. ఈసారి తెగులుకి నిలిచే గుణం వచ్చింది గానీ, వెంట చేదు రాలేదు.

ఇప్పుడు హిస్కె ఉప్పూ వెన్నా వేసుకునే రుచి చూస్తోంది.