ధర్మరాజు గొట్టంలోని తోడు

బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందులో ధర్మరాజుకు పెరుగు తయారుచేసే షెడ్డు ఉంది. ఏలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తనకు తెలియనిది ఉందంటే ఒప్పుకోడు. విషయం తెలిసినవాళ్లు ఎదురైతే మరీ ఒప్పుకోడు. పెరుగు బాగుందని ఎవరైనా అంటే చాలు, "మా అమ్మ తోడండీ" అని ఛాతీ పొంగించేవాడు. ఆ తల్లి బతికుండగా ఆవిడ మీద ఇంత గౌరవం ఎవరూ చూడలేదు.

ఊరి నుంచి గిన్నెలో తెచ్చిన ఆ తోడు ఎప్పుడో పోయింది. డ్రమ్ము నుంచి ప్యాకెట్లు నింపే మిషన్‌కు వెళ్లే గొట్టంలో పేరుకున్న జిగటే ఆ తోడని ధర్మరాజు నమ్మకం. అందుకే గొట్టం విప్పనిచ్చేవాడు కాదు. అందులోంచి కాసిని బ్లీచింగ్ నీళ్లు వదిలించి, ఘాటు వాసన వస్తే శుభ్రమైపోయిందని ముక్కుతో తీర్పిచ్చేవాడు.

దుకాణాల వాళ్లు ఒక్కొక్కరే కొనడం మానుకోగా, షెడ్డు ఒక ఆసుపత్రి క్యాంటీన్ మీదే నడుస్తోంది. అక్కడి పరీక్షల్లో పెరుగులో క్రిములున్నట్టు వరసగా తేలింది. ఇంకోసారి అలా తేలితే పెరుగు పంపనక్కర్లేదని చెప్పడానికి ఆసుపత్రి ల్యాబ్ నుంచి సలోమి వచ్చింది. ఆమె అడిగితే పనివాడు హరికిషన్ గొట్టం కీలు విప్పాడు. లోపల బూడిదరంగు బంక.

"ఏందీ సార్ గిది? తోడు తెల్లగుండాలె గదా?"

"నోర్ముయ్. పాతబడితే రంగు మారదా? ఎంత బ్లీచింగ్ పోసినా చావలేదు, చూశావా! అదీ మా తోడు."

"అదేనండీ తక్లీఫ్," అంది సలోమి. "క్రిములు తమ చుట్టూ కట్టుకున్న గూడు ఇది. బ్లీచింగ్ పైపైనే పోతుంది. గొట్టాలన్నీ విప్పి, బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో, బ్రష్‌తో ఈ జిగట ఒలిచెయ్యాలి. తర్వాతే బ్లీచింగ్. రోజూ అంతే. ఇవాళ కడిగించండి, రేపు మళ్లీ శాంపిల్ తీసుకుంటా."

"చూడమ్మాయ్, నువ్వు పుస్తకాల్లో చదివావు. మేం పెరుగులో పుట్టాం."

"పెరుగులో పుట్టినోళ్లు గొట్టం కడగరాండీ?"

హరికిషన్ కిసుక్కుమన్నాడు. ధర్మరాజుకు మండింది. చెంచాతో ఆ బంక గీకి, కాచి చల్లార్చిన పాలలో కలిపాడు. "కడిగేది లేదు. రేపు రా, గడ్డపెరుగు తినిపిస్తా."

మర్నాడు భార్య వీరరాఘవమ్మను కూడా పిలిపించి, అందరి ముందు మూత తీశాడు. కుళ్లు వాసన గుప్పుమంది. చెంచా ఎత్తితే పాలు తీగల్లా సాగాయి.

"జెర ఆగుండ్రి సార్, తినకుండ్రి," అన్నాడు హరికిషన్.

అంతమంది ముందు ధర్మరాజు ఆగుతాడా! నోట్లో పెట్టుకున్నాడు, కళ్లు మూసుకుని మింగాడు. "కాస్త పులిసింది, అంతే," అని చెంచా భార్య వైపు చాచాడు. "నువ్వు చెప్పవే."

"నాకివాళ ఉపవాసమండీ," అందావిడ. గంట క్రితం ఆవిడ ఇడ్లీలు తినడం షెడ్డులో అందరూ చూశారు.

సలోమి పక్కకు వెళ్లి ఫోన్ తీసి, పెరుగు ఇంకోచోట చూసుకోమని క్యాంటీన్‌కు చెప్పింది. ధర్మరాజు ఆమెకు వినపడేలా, పాలే మంచివి కావని హరికిషన్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. రెండో చెంచా మాత్రం తీసుకోలేదు.