కొమ్ము దువ్వెనలు చేసిన చేయి

మా బాపు బర్రె కొమ్ములతో దువ్వెనలు చేసేవాడు. ఎల్లారెడ్డిలో మా ఇంటి వాకిట్లో పొద్దున లేస్తే కుంపటి రగలాల్సిందే. కొమ్మును నిప్పుల మీద పట్టి ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని పలకలా చదును చేసి, సన్నటి రంపంతో పండ్లు కోయాలి. ఆ కోతంతా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చేసే పని. మేం ఐదుగురం ఆ రెండు వేళ్ల మీదే బతికాం.

తర్వాత కామారెడ్డి బజారులోకి విదేశాల నుంచి వచ్చే సీమ దువ్వెనలు దిగాయి. తేనె రంగు, అద్దంలాంటి మెరుపు. అచ్చం కొమ్ములాగే నల్లటి చారలు కూడా ఉండేవి. మా గిరాకీ పడిపోయింది. ఒక ఎండాకాలం పొద్దున పటేలు భార్య అలాంటిదే ఒకటి తెచ్చింది. గోడ మీద ఎండలో మరిచిపోతే వంగిపోయిందట.

“ఏం బర్రెది పటేలమ్మా, గింత సక్కటి కొమ్ము?” అన్నాడు బాపు.

“బర్రెనో గిర్రెనో నాకేమెర్క? కామారెడ్డిల కొన్న. నీ దువ్వెన తడిస్తే వాసనొస్తదని మా కోడలు ముట్టనే ముట్టది.”

“మీ కోడలి ముక్కు గట్టిదే ఉన్నది.”

ఆమె నవ్వింది. “మాటలు బందువెట్టి సక్కగ చేసియ్యి. మంచిగైతే మల్ల నీకాడనే కొంట.”

ఆ మాటతో బాపు ముఖం వెలిగింది.

“మనకు తెల్వని సరుకు, ముట్టకు” అంది అమ్మ.

“ఎండకు వంగిందంటే కొమ్మే గదనే!”

ఎప్పటిలాగే నిప్పుల మీద పట్టాడు. విసనకర్రతో విసిరింది నేనే. కర్పూరం వాసన ఘుప్పుమంది, ఆ వెంటనే దువ్వెన మొత్తం భగ్గుమంది. ఎంత విదిలించినా వదల్లేదు. కరిగి ఆ రెండు వేళ్లకే అంటుకుంది.

దవాఖానలో కట్లు కట్టారు. అది కొమ్ము కాదని, కర్పూరం కలిపి చేసే సెల్యులాయిడ్ అని, నిప్పు తగిలితే మండుతుందని అక్కడే తెలిసింది. పుండు మానేసరికి వానలు పడ్డాయి. వేళ్లు మాత్రం ముడుచుకుని గట్టిబడిపోయాయి. మూడు కొమ్ములు వరుసగా పాడుచేసి రంపం పక్కన పెట్టేశాడు.

చివరికి అమ్మే కామారెడ్డి నుంచి ఆ సీమ దువ్వెనలు తెచ్చి వారం వారం జరిగే అంగట్లో పరిచింది. బాపు పక్కన కూర్చునేవాడు. ఎవరైనా ఒకటి చేతిలోకి తీసుకుంటే చాలు, “అవ్వా, పొయ్యి కాడికి తీస్కపోకు, అంటుకుంటది” అని తన చేయి చూపించేవాడు. వాళ్లు దువ్వెన కింద పెట్టి లేచిపోయేవాళ్లు.

“గిట్ల జెప్తే ఎవ్వలు కొంటరయ్యా?” అంది అమ్మ రెండు వారాలు. మూడో వారం బాపును ఇంటి దగ్గరే ఉండమని చెప్పి ఒక్కతే పోయింది.