మోకాలి లోతు అగాధం

"ఈ సరస్సుకు అడుగంటూ ఉందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేకపోయారు" అని చేతిమైకులో ప్రకటించి, అగాధంగారు లాంచీలోంచి నీళ్లలో పడ్డారు. పడ్డాక లేచి నిలబడ్డారు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ప్రయాణికులు కాసేపు ఆయన మోకాళ్లవంకా, కాసేపు మైకువంకా చూశారు. మైకు తడవలేదు. పడేటప్పుడు కూడా దాన్ని నెత్తిమీదికి ఎత్తిపట్టుకున్నారు.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకే చప్పున గుర్తురాదు. అగాధం అన్న పేరు సరిగ్గా ఆ పడిన చోట రోజూ చేసే పనివల్లే వచ్చింది. లాంచీ సరస్సు నడిమధ్యకు రాగానే, దాన్ని నడిపే సరంగు, అంటే ఆయన సొంత బావమరిది, ఇంజను ఆపుతాడు. అగాధంగారు ఇనపగుండు కట్టిన తాడును నీళ్లలోకి వదులుతారు. తాడు పోతూనే ఉంటుంది. చుట్ట తర్వాత చుట్ట, అలా పోతూనే ఉంటుంది. చూసేవాళ్లు నోళ్లు వెళ్లబెడతారు. గుండు ఎప్పుడో బురదలో హాయిగా కూర్చుని ఉంటుంది, మిగతా తాడంతా దానిమీద కుప్పగా పడుతుంటుంది. నీళ్లు పాచితో చిక్కగా ఉంటాయి కాబట్టి ఆ కుప్ప ఎవరి కంటా పడదు. ఆ వేళ తాడు పోతూ పోతూ ఆయన కాలికి కూడా ఒక చుట్టు వేసింది. బావమరిది తొందరపడి ఇంజను నడిపాడు. లాంచీ ముందుకు వెళ్లింది, గుండు వెళ్లలేదు, గుండు పక్షాన అగాధంగారూ వెళ్లలేదు.

ఆ సరస్సు తప్ప ఆయన జీవితంలో మరో సరస్సు చూసి ఎరుగరు. అయినా లోకంలోని సరస్సులన్నీ ఆయనకు లోకువే. టిక్కెట్ల గది గోడకు వేలాడే ప్రపంచపటంలో నీలిరంగు మచ్చల్ని, పెళ్లిలో వియ్యాలవారి చుట్టాల్ని చూసినట్టు చూసేవారు.

"కాస్పియన్ ఉందండీ. అన్నిట్లోకీ పెద్దది. ఏం లాభం? సరస్సుగా పుట్టి సముద్రమని పేరు పెట్టుకుంది. పుట్టింటిపేరు చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్లతో మనకెందుకండీ?" అనేవారు మైకులో. "మృత సముద్రమా? అదీ ఆ బాపతే, పైగా ఒట్టి ఉప్పు. చేపని బతకనివ్వదు, మనిషిని మునగనివ్వదు. దేనికండీ అది? టిటికాకా కొండలమీద మేడ కట్టుకు కూర్చుంది. పలకరించి వద్దామంటే ముందు మనకి ఆయాసం. పాపం, అరల్ ఉండేది. నదులు తనకి తెచ్చే నీళ్లన్నీ దారిలో పత్తిచేలు పట్టుకుపోతుంటే నోరెత్తలేదు. మొహమాటస్తుల గతి అంతేనండీ!"

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది బైకాల్. లోతులో దాన్ని మించిన సరస్సు లేదన్నది ఆయనకు సొంత తోబుట్టువు చేసిన అవమానంలా ఉండేది. "చలికాలం వస్తే గడ్డకట్టుకుపోతుందండీ. నాలుగు నీళ్లు ఎక్కువున్నాయని అంత బిగుసుకుపోవాలా?"

"లోకంలో ప్రతి సరస్సుకీ వంక పెడతారు, ఇంట్లో కుళాయి కారుతుంటే మాత్రం కనపడదు" అని భార్య అంటుండేది. ఇంట్లో మాట భార్యది, గట్టుమీద మాట వదినది. నీళ్లమీద ఉన్నంతసేపే ఆయనకు నోరు.

ఇప్పుడు ఆ నోటికే గండం వచ్చిపడింది. అన్నగారు పోయాక లాంచీ వదినగారిదైంది. ఆవిడ ఈమధ్యే ఒక మాట్లాడే పెట్టె కొని తెచ్చింది. బొత్తాం నొక్కితే ఎవరో అమ్మాయి తియ్యని గొంతుతో సరస్సు వివరాలు చెబుతుంది, ఎవర్నీ తిట్టదు. దానిమీద గుడ్డ కప్పి, టిక్కెట్ల కిటికీ దగ్గరే పెట్టుకుని ఆవిడ తేల్చి చెప్పింది: "చూడు మరిదీ, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, మైకు దీనికిచ్చేస్తా. నువ్వు రేవుమెట్ల మీద పాచి గీక్కుందువుగాని."

అందుకే అగాధంగారు నీళ్లలోంచి తిరిగి లాంచీలోకి ఎక్కుతూనే ముందు ప్రయాణికుల మొహాలు చూశారు.

"ఇంజనెందుకు వేశావురా?" అన్నారు, లోగొంతుకతో.

"నువ్వు చెప్పేది అయిపోయిందనుకున్నా బావా."

"ఎక్కడయింది? నేనింకా లాంచీలోనే ఉన్నాగా!"

"తాడెందుకండీ దండగ?" అన్నాడు వెనక వరసలోంచి ఒక ముసలాయన. "రేపట్నించి మీరే దిగి నిలబడండి, చాలు."

"అలా లేచి నిలబడ్డారేంటి అన్నయ్యగారూ, నీళ్లలోనే కూర్చోవాల్సింది. మెడదాకా వచ్చేవి నీళ్లు" అంది ఒకావిడ, పిల్లవాడి మూతి తుడుస్తూ.

అగాధంగారు ఇంజను వెనక నక్కి, ప్యాంటు పిండుకున్నారు. రేవు చేరేదాకా ఏ సరస్సునీ ఒక్క మాట అనలేదు. ముసలాయనా, ఆవిడా నవ్వేసి వెళ్లిపోయేలాగే కనిపించారు. కానీ మెడలో దుర్భిణి వేలాడేసుకున్న పెద్దమనిషి ఒకాయన లాంచీ దిగి, తిన్నగా టిక్కెట్ల కిటికీకే నడిచాడు. తాడు దిగుతున్నంతసేపూ అందరికంటే పెద్దగా 'అమ్మో' అన్నది ఆయనే. అందుకని కోపం కూడా ఆయనకే ఎక్కువ.

"ఏంటమ్మా ఈ దగా? బైకాల్ కూడా దీని ముందు పళ్లెం అన్నాడు మీవాడు! మేం నిజమేననుకుని కమ్మీ పట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం. తీరాచూస్తే మోకాళ్లు దాటి లేవు నీళ్లు! మా భయమంతా ఏమైపోవాలి?"

వదినగారు పెట్టెమీది గుడ్డ తీసి, మడిచి పక్కన పెట్టింది. బొత్తాంమీద వేలు ఆనించి కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ అగాధంగారు నిలబడ్డారు. ప్యాంటులోంచి నీళ్లు కారి కాళ్లచుట్టూ చిన్న మడుగు కట్టాయి.

"విన్నావుగా మరిదీ, ఆయనకేం చెబుతావో చెప్పు."

లాంచీ దిగినవాళ్లంతా వెళ్లకుండా ఆగిపోయారు. సరంగు బావమరిది నేలచూపులు చూశాడు. అగాధంగారు అలవాటు కొద్దీ మైకు నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"బైకాల్‌లో పడుంటే మీ ఫిర్యాదు వినడానికి నేనుండేవాణ్ణి కానండీ."