అంగిట్లో గట్టు

మదనపల్లెలో ఘని సాయిబు ఇప్పుడు పళ్ళ సెట్లు చేయడం లేదు. డాక్టర్లు మిషన్లలో చేయించుకుంటున్నారు. అయినా నేను పోతే స్టూలు జరిపి, ఎవరిదో నోటి పాత ప్లాస్టర్ అచ్చు ఒకటి చేతికిస్తాడు.

"నాలిక పైకెత్తి అంగిలికి ఆనించి సూడప్పా. నడిమధ్యన కుట్టు మాదిరి గట్టు తగులుతాండాదా? తల్లి కడుపులో రెండు చెక్కలొచ్చి ఆడ కలిసినాయంట. దర్జీ కొడుకుని, నాకే తెలీలేదు ఆ కుట్టు సంగతి."

పుంగనూరులో ఒక డాక్టరు దగ్గర అచ్చులు కడుగుతూ పని నేర్చాడాయన. సొంతంగా చేసిన మొదటి సెట్టు కుప్పం వెంకటప్పకు. ముప్పయ్యేళ్ళ కిందటి మాట. వెంకటప్ప ఊరూరా భారతం జాతరల్లో మధ్యాహ్నం పూట హరికథ చెప్పేవాడు. పైపళ్ళు పోయాక పిలిచేవాళ్ళు తగ్గారు. మిగిలిన ఒక్క ఊరూ, ఈసారి మాట తేటగా లేకుంటే వేరేవాణ్ణి చూసుకుంటామని చెప్పింది.

అంగిలికి అతికినట్టు సెట్టు చేసి ఘని మురిసిపోయాడు. వారానికే వెంకటప్ప దాన్ని రుమాల్లో కట్టుకొచ్చాడు.

"ఏం సాయిబూ, నోట్లో ఏతం పెట్టినావా? ఈ పక్క నమిల్తే ఆ పక్క లేస్తాండాది. ఎల్లుండే కథ."

నోరు తెరిపించి చూస్తే, సరిగ్గా గట్టు పొడవునా ఎర్రగా పుండు.

"తప్పు నాదేనప్పా. పక్కల్లో కండ ఒత్తితే దిగుతాది. గట్టు దిగదు. సెట్టు దాని మిందనే ఊగుతాండాది."

కొత్త అచ్చు తీశాడు. టీ అంగట్లో ఖాళీ సిగరెట్ పెట్టె అడిగి తెచ్చి, అందులోని వెండి కాగితాన్ని సన్నగా కత్తిరించి, అచ్చు మీద గట్టు పొడవునా అతికించాడు. దాని పైన మళ్ళీ సెట్టు కట్టాడు. గట్టుకూ సెట్టుకూ నడుమ కాగితమంత సందు మిగిలింది.

"నా బీడీలకు ఈ కాగితం రాదే. వచ్చింటే ఇంటి నుంచే తెచ్చిందును," అన్నాడు వెంకటప్ప.

కథ రోజు ఘని జనంలో కూర్చున్నాడు. ద్రౌపది కృష్ణుణ్ణి పిలిచే చోట వెంకటప్ప నోరంతా తెరిచి రాగం తీశాడు. ఘనికి కథ వినబడలేదు. ఆ పైపెదవి కిందే చూస్తున్నాడు. సెట్టు కదల్లేదు.

పక్కనే కళ్ళు తుడుచుకుంటున్న ముసలామె ఆయన్ని మోచేత్తో పొడిచింది. "ఏమప్పా, ఆడ ఆడకూతురి సీర లాగుతాంటే నీకు నవ్వు యాల?"

ఇది చెప్పి ఘని సాయిబు నా చేతిలోని అచ్చు వెనక్కి తీసుకుంటాడు.

ఆ ఊరు ఇంకో పదకొండేళ్ళు వేరేవాణ్ణి చూసుకోలేదు.